దాపటెద్దు మారన్న

మొన్న మధ్యాహ్నం మా సోలార్ పార్కు గేటు దగ్గర లారీలోంచి సిమెంటు మూట ఒకటి జారి నేలమీద పడింది. ధబ్బుమని చప్పుడు, మనిషెత్తు దుమ్ము. మూట మాత్రం పగల్లేదు. కూలీలు నవ్వుకుంటూ దాన్ని మళ్ళీ భుజానికెత్తుకున్నారు. అచ్చం అలాగే పడేవాడు మారన్న మామ. సరిగ్గా పడితే చప్పుడు ఎక్కువ, దెబ్బ తక్కువ అని ఆయనే చెప్పేవాడు. ఆయన పోయిన తర్వాత అలాంటి చప్పుడు వినడం అదే మొదటిసారి. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మా ఊరు రాయచెర్లు దాటితే ఇప్పుడు ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఒకప్పుడు మడకశిర, శిరా, చళ్ళకెర జాతరల్లో గుడారం ముందు మైకులో "రాయచెర్ల జోడెద్దులు" అంటే చాలు, టిక్కెట్ల దగ్గర జనం తోసుకునేవారట. ఆ జోడీలో ఒకరు నరసింహప్ప, పొలమున్న రైతు కొడుకు, పచ్చని మనిషి, కోరమీసం. రెండోవాడు గొర్రెలు కాసుకునే ఇంటి నుంచి వచ్చిన మారన్న. ఊళ్ళో అందరూ నరసింహప్పను కాడికి కుడివైపు కట్టే వెలపటెద్దు అనీ, మారన్నను ఎడమవైపు కట్టే దాపటెద్దు అనీ వేళాకోళం చేసేవారు. జాతరల్లో ఇద్దరూ ఒకే పళ్ళెంలో తినేవారు. ఊరికి తిరిగి వచ్చాక మాత్రం నరసింహప్ప ఇంటి అరుగు దాటి మారన్న లోపలికి పోయేవాడు కాదు. అదేమని ఎవరూ అడగలేదు, వాళ్ళూ అనుకున్నట్టు లేదు.

వాళ్ళు ఆడేది జోడీ కుస్తీ. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. తాళ్ళు కట్టిన చదరంలో ఒక్కొక్కరే ఉండాలి. అలిసినవాడు బయటున్న తనవాడి చెయ్యి తాకితే వాడు లోపలికి వస్తాడు. ఎవరు గెలవాలో గుడారం కాంట్రాక్టరు ముందే చెప్పేవాడు. మారన్న పని తన్నులు తినడం. అవతలివాళ్ళు ఆయన్ను ఎత్తి కుదేసేవారు, జుట్టు పట్టి ఈడ్చేవారు. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేవరకూ ఆయన లేచి లేచి పడాలి. ఆ తర్వాత పాకుతూ వచ్చి నరసింహప్ప చెయ్యి అందుకోవాలి. అప్పుడు నరసింహప్ప సింహంలా లోపలికి దూకి ఇద్దర్నీ చితక్కొట్టేవాడు. ఊళ్ళకు ఊళ్ళు నరసింహప్పను భుజాలమీద మోశాయి. మారన్న వెనకాల మూట పట్టుకుని నడిచేవాడు.

నేను పుట్టేనాటికే ఆ గుడారాలు లేవు. నాకు తెలిసిన మారన్న మామ సోలార్ పార్కు గేటు దగ్గర ఖాకీ చొక్కాలో నిలబడిన ముసలి సెక్యూరిటీ. నరసింహప్ప పొలమూ, ఆ పొలంలో వాళ్ళు పొద్దున్నే కుస్తీ పట్టిన గరిడీ ఇల్లూ, మెత్తటి గరిడీ మన్నూ అన్నీ ప్యానెళ్ళ కిందికి పోయాయి. కౌలు నరసింహప్పకు వచ్చేది. ఆ ప్యానెళ్ళకు కాపలా ఉద్యోగం మారన్నకు వచ్చింది. ఆయన కిందే నేను పనిలో చేరాను.

నా పేరు తిప్పేశ. నాది ముక్కుమీద కోపం. చేరిన కొత్తలో ఒక డ్రైవరు నన్ను ఏకవచనంతో పిలిచాడని కాలర్ పట్టుకున్నాను. మారన్న మామ మా ఇద్దరి మధ్యకు వచ్చి, నేను వేయబోయిన గుద్దు తన వీపుమీద పడనిచ్చి, ఏమీ జరగనట్టు గేటు తీశాడు. లారీ పోయాక నన్ను నీడకు తీసుకుపోయాడు.

"తిప్పేశా, నీకు కొట్టేది వచ్చునప్పా. పడేది రాదు. ఈ పనిలో రోజుకోసారన్నా పడాల్సొస్తాది."

"నేనెందుకు పడాల మామా?"

"పడితే ఏం పోతాది? గెడ్డం రొమ్ముకు ఆనించి, గాలి వదిలేసి పడు. మళ్ళా లేస్తావు."

ఆ మాట నాకు నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చదు. కానీ ఆ డ్రైవరు తర్వాత ఎన్నిసార్లు వచ్చినా నేను చెయ్యెత్తలేదు.

నిజం నాకు చెప్పింది మామ భార్య లక్ష్మక్క. ఒకసారి క్యారియర్ తెచ్చినప్పుడు తోటి గార్డులు మామను ఆటపట్టిస్తున్నారు, మామా తన్నులు తిన్న కథ చెప్పు అని. మామ నవ్వుతూ చెబుతున్నాడు. లక్ష్మక్క మొహం చిట్లించి నన్ను పక్కకు పిలిచింది.

"గరిడీలో ఒక్కనాడన్నా ఈయప్పను ఆ నరసింహప్ప కింద వేసింది లేదు. నేను మజ్జిగ తీసకపోయి కండ్లారా చూసినా. ఊరంతా ఈయప్పను చేతగానోడు అనుకుంటాండారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ పెద్దమనిషి నోటితో చెప్పాల, మారన్న నాకంటే గట్టోడని. నాకింకేమీ వద్దు."

ఆమె ఇంకొకటి కూడా చెప్పింది. జాతరకు బయల్దేరే రోజు పొద్దున గరిడీ మన్నుమీద మారన్న ఒకసారి వెల్లకిలా పడాలి, నరసింహప్ప ఆయన రొమ్ముమీద కూర్చోవాలి. గెలవబోయేవాడు గెలిచే ఇల్లు కదలాలని వాళ్ళు పెట్టుకున్న ఆచారమది. ఏళ్ళ తరబడి అలా చేసీ చేసీ, నరసింహప్ప తానే గెలుస్తున్నానని నిజంగా నమ్మేశాడని లక్ష్మక్క అనుమానం.

నాకూ అలాగే అనిపించింది, ఊరి కుర్రాళ్ళు నరసింహప్పకు సన్మానం చేసిన రోజున. శాలువా కప్పించుకుని మైకు ముందు ఆయన, "నేను లేకుంటే మా మారన్న ఎప్పుడో చచ్చిపోయుండేవోడు" అన్నాడు. జనం నవ్వారు. కింద కుర్చీలో మారన్న మామ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆయన పక్కన కూర్చున్న లక్ష్మక్క లేచి వెళ్ళిపోయింది.

ఊళ్ళోంచి డ్యూటీకి తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటోలో నేను ఉండబట్టలేక అడిగేశాను. "ఎందుకు మామా నోరు మూసుకోని ఉంటావు? నువ్వు చెప్పకుంటే నేను చెప్తా."

ఆయన ప్యానెళ్ళ వైపు తిరిగాడు. "చెప్తే వాని గెలుపు ఒక్కటే పోతాదా? ఆ పొద్దు ఏడ్చిన ఆడోళ్ళ ఏడుపు కూడా అబద్ధమైపోతాది. నేను బాగా పడినాను కాబట్టే వాళ్ళు ఏడ్చినారు. అది నాది. దాన్ని నేను పోగొట్టుకోను."

నాకు ఆ జవాబు సరిపోలేదు. లక్ష్మక్కకు అసలే సరిపోలేదు. ఆ రాత్రి ఆమె ఆయనతో మాట్లాడలేదని తర్వాత తెలిసింది.

ఆ మరుసటి ఎండాకాలం నుంచి నరసింహప్పకు మతి తప్పడం మొదలైంది. ఒకరోజు పాత గుడ్డసంచి భుజాన వేసుకుని మా గేటుకు వచ్చాడు. శిరా జాతరకు టైమైంది, గరిడీ యాడ పోయింది, మారన్న యాడ అని కేకలు. కొడుకు వచ్చి చెయ్యి పట్టుకుంటే విదిలించి కొట్టాడు. ప్యానెళ్ళు కడిగే కూలీలు పని ఆపి చుట్టూ చేరారు. మారన్న మామ టోపీ తీసి నా చేతికిచ్చాడు.

"ఈడే ఉండాను లేప్పా. రా, పట్టు."

గరిడీ మన్నేమీ కాదది, కంకర పరిచిన దారి. నేను వద్దు మామా అంటూనే ఉన్నాను. నరసింహప్ప నడుము పట్టి తోశాడు, మామ పడ్డాడు. కూలీలు ఈలలు వేశారు. ఒకడు ఫోను తీశాడు. నరసింహప్ప రొమ్ముమీద కూర్చుని, తృప్తిగా లేచి, కొడుకు వెంట బుద్ధిగా ఇంటికి వెళ్ళిపోయాడు. మామ మాత్రం లేవలేదు. తుంటి ఎముక విరిగింది. పావగడ ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చాక మంచం దిగనే లేదు. వానలు పడకముందే పోయాడు. నాకు నరసింహప్ప మీద పట్టరాని కోపం వచ్చింది. మతిలేని మనిషి మీద కోపం పెట్టుకోకూడదని తెలిసీ వచ్చింది.

దినాలు అయిపోయిన తర్వాత లక్ష్మక్క నాతో అంది. "ఇంగ ఆయప్ప చెప్పలేడు. ఈయప్ప లేడు. నేను చెప్తే పెండ్లాం మాట అంటారు. నువ్వన్నా చెప్పప్పా ఊళ్ళో." సరేనన్నాను. చెబుదామనే ఉన్నాను.

ఆ వారంలోనే నరసింహప్ప మళ్ళీ సంచితో వచ్చాడు. మారన్న యాడ అన్నాడు. చుట్టూ మళ్ళీ కూలీలు, మళ్ళీ ఫోన్లు. అంతమంది ముందు నిజం చెప్పేయడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన సంచిని రెండు చేతులా రొమ్ముకు హత్తుకున్నాడు. జాతర బస్సు ఎక్కడ వెళ్ళిపోతుందోనని మాటిమాటికీ దారివైపు చూస్తున్నాడు. నేను ముందుకు పోయి నిలబడ్డాను. ఆయన తోశాడు. గెడ్డం రొమ్ముకు ఆనించి, గాలి వదిలేసి పడ్డాను. జనం నవ్వారు. నరసింహప్ప నా రొమ్ముమీద కూర్చున్నాడు. కానీ లేవలేదు. కిందికి వంగి నా మొహంలోకి చూశాడు.

"నువ్వు మారన్నవు కాదు," అన్నాడు మెల్లగా, నాకు తప్ప ఇంకెవరికీ వినపడకుండా. "వాడైతే పడేటప్పుడు నన్ను ఎత్తిపట్టుకుంటాడు. నా మోకాలు నేలకు తగలనీడు. వాని బలం నీకు యాడిది? నాకే లేదు."

ఆయన మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయి ఉన్నాయి. కొడుకు వచ్చి తీసుకుపోయాడు. నేను చొక్కా దులుపుకోకుండానే సైకిలెక్కి లక్ష్మక్క ఇంటికి పోయాను. ఆమె రాగులు చెరుగుతోంది. విన్నది విన్నట్టు చెప్పాను. చేట ఆగింది.

"ఇంగోసారి చెప్పు," అంది.

చెప్పాను. ఇప్పటికీ ఆ వీధిలోంచి పోయినప్పుడల్లా ఆమె గుమ్మంలోకి వస్తుంది, ఏమీ అడగదు. నేను సైకిలాపి అదే మాట మళ్ళీ చెబుతాను. ఆ మాట విన్నవాణ్ణి నేనొక్కణ్ణే.