చాయ్ గంటా, నా ఫైర్ డ్రిల్లూ

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది: మనిషికి కారణం చెబితే అర్థం చేసుకుంటాడు, అర్థమైతే ఆచరిస్తాడు. (ఈ రెండో మెట్టు మీదే లోకమంతా జారిపడుతోందని అప్పటికి తెలియదు.) కాలేజీలో మూఢనమ్మకాల మీద ప్రతి చర్చా గెలిచాను. మొదటి ఉద్యోగంలో ఆయుధపూజ నాడు, యంత్రానికి బొట్టెందుకని యజమానితోనే వాదించి, అక్కడా గెలిచి, మర్నాటి నుంచి ఇంట్లో కూర్చున్నాను. అందుకే మెట్టుగూడలో, హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనివాళ్లకి శిక్షణనిచ్చే ఉద్యోగం దొరకగానే మా అమ్మ, "ఇదైనా నిలబెట్టుకోరా నాయినా. బొట్టు ఆళ్లు పెట్టుకుంతారు, నీకేటి?" అని బతిమాలింది. నిప్పంటుకుంటే ఏం చేయాలో నేను నేర్పాలి. యజమాని ఎదుట డ్రిల్లు సవ్యంగా జరిగితేనే ఉద్యోగం ఖాయం.

లాండ్రీలో యంత్రాల హోరుకి నా మాట నాకే వినపడలేదు. కాబట్టి శిక్షణని పక్కవీధి ఫంక్షన్ హాలుకి మార్చేశాను. (ఎంత తెలివి!) లాండ్రీ గోడకున్న ఇత్తడి గంటనే ఊడదీసి తీసుకెళ్లాను, అలవాటైన వస్తువు కదా అని. పెళ్లికొడుకు కుర్చీ పక్కన నిలబడి గాలి లేనిదే మంట ఎందుకు బతకదో చెప్పాను. ప్రశ్నించనిదే ఏదీ నమ్మొద్దన్నాను. ఉతికే సెక్షన్‌లో అందరూ పెద్దక్క అని పిలిచే ఆమె వెంటనే లేచి, "సార్, భోజనాలు సుత ఇక్కడ్నేనా?" అని ప్రశ్నించింది. చివర్లో గంట కొట్టాను. అందరూ చకచకా బయటికి నడిచారు. నా కళ్లు చెమర్చాయి.

డ్రిల్లు రోజు లాండ్రీలో, యజమాని చేతులు కట్టుకుని చూస్తుండగా, అదే గంట కొట్టాను. యంత్రాల దగ్గరున్నవాళ్లు తలైనా ఎత్తలేదు. ఇస్త్రీ సెక్షన్ వాళ్లకి మాత్రం వినపడింది. వాళ్లు గ్లాసులు పట్టుకుని ఇంకా లోపలికి, చాయ్ కెటిల్ వైపు నడిచారు.

"అదేంటి పెద్దక్కా! హాల్లో గంట కొడితే బయటికి వెళ్లారుగా?" అని ఆమె చెవిలో అరిచాను.

"గప్పుడు చాయ్ బయట ఉండె గద సార్!"

పరుగున వెళ్లి మెయిన్ స్విచ్ లాగేశాను. హోరు ఆగింది. ఆ నిశ్శబ్దంలో "మంటలు! బయటికి!" అని గొంతు చించుకున్నాను. అందరూ ముచ్చటైన వరుసలో బయటికొచ్చారు.

యజమాని నా భుజం మీద చెయ్యేశాడు. "వీళ్లకు మంచిగనే నేర్పినవ్. జెర నిప్పుకు సుత నేర్పు, మిషన్లు బంద్ చేసినంకనే రావాలె అని." పెద్దక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "పోతవా, ఉంటవా?" అన్నాడు యజమాని. "ఉంటే ఒక నెల ఆ మిషన్ల నడుమ పనిచెయ్. అటెన్క పాఠం చెప్పు."

జీవితంలో మొదటిసారి వాదించలేదు. ఉతికాను, పిండాను, చూశాను. ఆ హోరులో చెవులు చేసే పని కళ్లు చేస్తాయని తెలిసింది. గంట బదులు యంత్రాల నెత్తిన ఎర్రదీపాలు వెలిశాయి, పాఠం ఫంక్షన్ హాలు నుంచి యంత్రాల మధ్యకొచ్చింది, నా ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు ఎక్కడ శిక్షణకి పిలిచినా, ముందొక పూట ఊరికే ఓ మూల నిలబడి చూస్తాను. జనం ఎటు తిరుగుతారు, దేన్ని చూసి తల ఎత్తుతారు, చాయ్ ఎక్కడ దొరుకుతుంది? అప్పుడప్పుడు పెళ్లికొడుకు కుర్చీ పక్కన ఉపన్యసించే ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడితో వాదించాలనిపించదు, ఒక గ్లాసు చాయ్ ఇప్పించాలనిపిస్తుంది. ఎందుకంటే ఇన్నేళ్ల హేతువాదం తర్వాత కూడా, ఎక్కడైనా ఇత్తడి గంట మోగితే నా చెయ్యి ముందు గ్లాసు కోసమే వెతుకుతుంది.