పేరు గీకేసిన ఆసిలేటర్

సోల్డరింగ్ పొగ వాసన తగిలితే చాలు, నాకు దసరా సెలవులు గుర్తొస్తాయి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, నాచారంలోని మా రెండు గదుల కిరాయి ఇంట్లో, అమ్మ సత్తుపిండికి నువ్వులు దోరగా వేయిస్తుంటే, ముందు గదిలో కిటికీ కింది టేబులు దగ్గర పాలిటెక్నిక్ చదివే మా పెద్దక్క సీసం కరిగించేది. ఆ రెండు వాసనలూ కలిసి ఇల్లంతా తిరిగేవి.

అక్క మల్లాపూర్ తుక్కు దుకాణంలో ఏరి తెచ్చిన సామానులో అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద రేకు డబ్బా ఒకటుండేది. పాత టెలిఫోన్ బోర్డు నుంచి ఊడదీసిన క్రిస్టల్ ఆసిలేటర్ అది, గడియారంకన్నా నిక్కచ్చిగా కొట్టుకునే రకం. దానిమీది కంపెనీ పేరూ అక్షరాలూ ఎవరో గీకేశారు. అది ఎన్ని వోల్టులు తింటుందో, ఎంత ఫ్రీక్వెన్సీ ఇస్తుందో తేలితేగాని అక్క కట్టుకుంటున్న ఫ్రీక్వెన్సీ మీటరుకు ప్రాణం రాదు. నాన్నేమో పండగకు గోడలకు సున్నం వేసేలోపు అది పనిచేయకపోతే టేబులుతో సహా అంతా తుక్కుకే పోతుందని తేల్చేశాడు. అబ్బ, ఆ మాటకు నాకెంత మండిందో!

ఐదు వోల్టులిస్తే ఉలుకూ పలుకూ లేదు. పన్నెండిస్తే డబ్బా ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కసాగింది. బేరింగ్ వేడెక్కితే ముందు స్విచ్ ఆపాలన్నది ఫ్యాక్టరీలో నాన్నకు ఒంటబట్టిన అలవాటు. అక్క స్విచ్ వేయడం, ఆయన వచ్చి ఆపేయడం, ఇలాగే పండగ ముంచుకొచ్చింది. ఒకరోజు ఆయన స్నానంలో ఉన్నప్పుడు, డబ్బా మొదట కరెంటు ఎక్కువ లాగి, వేడెక్కాక తక్కువ లాగడం అక్క మీటరులో కనిపెట్టింది. కాలిపోయేదైతే తగ్గదు కదా! లోపలి స్ఫటికాన్ని ఒకే వేడిమీద ఉంచడానికి అందులోనే చిన్న పొయ్యి ఉందన్నమాట.

తల తుడుచుకుంటూ వచ్చిన నాన్న చెయ్యి మళ్లీ స్విచ్ మీదికే పోయింది. అక్క అడ్డం నిలబడింది.

“నాయినా, జర ఆగు. అది గాల్తలేదు, ఉడుకెక్కుతుంది. గట్లనే ఉండాలె.”

ఇలా పొయ్యి ఉన్నవి ఎక్కువగా పది మెగాహెర్ట్జ్‌వే అయ్యుంటాయన్న అనుమానం కొద్దీ షార్ట్‌వేవ్ రేడియోను పది మెగాహెర్ట్జ్ దగ్గర టైం చెప్పే స్టేషనుకు తిప్పి పక్కన పెట్టింది. డబ్బాకూ స్టేషనుకూ ఫ్రీక్వెన్సీలో తేడా ఉన్నంతసేపూ ఈల వస్తుంది, కలిస్తే ఆగుతుంది. కుయ్‌మంటున్న ఈల మెల్లగా దిగి, బొంగురుపోయి, కాసేపు ఊగి, ఆగిపోయింది. సరిగ్గా పది! గెలిచింది మా అక్క! నేను మంచమెక్కి ఎగిరాను.

నాన్న ఆ టేబులు కదపకుండానే చుట్టూ సున్నం వేయించాడు. బతుకమ్మ ఆడడానికి వచ్చినవాళ్లందరినీ పిలిచి, భయంలేదు ముట్టుకోండని వాళ్లచేత డబ్బాను తాకించాడు.

ఇప్పుడు ఆ టైం స్టేషను మూగబోయింది, తుక్కు దుకాణం చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. డబ్బా మాత్రం నాన్న దగ్గరే ఉంది. ఏ కంపెనీదని ఎవరడిగినా ఆయనది ఒకటే జవాబు.

“మా పెద్దబిడ్డది.”