గోనెసంచి కప్పిన కెమెరా

కోవిల్‌పట్టిలో మా వేరుశనగ మిఠాయి గోదాముకి కెమెరా వచ్చిన రోజు యజమాని దానికి పసుపూ కుంకుమా పెట్టాడు. కంటితోపాటు చెవి కూడా ఉన్న రకమట. మిఠాయి చుట్టే బల్లకేసి తిప్పుతాడనుకున్నాం. కక్కూసు తలుపుకేసి తిప్పాడు. బీఏ చరిత్ర చదివి అట్టపెట్టెల మీద తేదీ ముద్ర కొట్టే పనిలో స్థిరపడినదాన్ని నేను. ఏ రాజూ తన ప్రజల మీద ఇలాంటి నిఘా పెట్టినట్టు చదవలేదు.

బల్ల దగ్గర అందరికంటే పెద్దది మా పిన్నమ్మ. రక్తసంబంధం లేదు, వరస అంతే. ఆమెకు షుగరు. మూడోరోజు యజమాని అందరి ముందూ, "ఈరోజు ఆరుసార్లు వెళ్లావే" అన్నాడు. పిన్నమ్మ తల దించుకుంది. ఆమె తల దించుకోగా చూడడం నాకదే మొదలు.

యజమానికి తమిళం తప్ప రాదు. మేమంతా ఎట్టయాపురం వైపు ఊళ్లనుంచి బస్సులో వచ్చే తెలుగువాళ్లం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఒకళ్లకొకళ్లం మాత్రం ఎక్కడున్నా తెలుగే. ఆ ధీమాతో కెమెరా కిందే కుట్ర చేశాం.

"వాడి కండ్ల మీద గోనెసంచి ఎయ్యండే. సుమ్మా, ఊరికే చీకట్లో కూసోనీ," అంది పిన్నమ్మ.

"చెంబుమొగమోడు, ఇంగేమి లెక్కబెడతాడో చూస్తాము," అన్నాను నేను. బల్లంతా ఘొల్లుమంది.

మర్నాడు పిన్నమ్మ కెమెరా వెనకనుంచి వచ్చి, చీపురుకర్రతో దానికి సంచి కప్పేసింది.

సాయంత్రం యజమాని నన్ను గదిలోకి పిలిచి, కెమెరా పట్టిన ముందురోజు మాటలు వినిపించాడు. "నువ్వు చదువుకున్నదానివి. ఇందులో సంచి సంగతి ఎవరన్నారో చెప్పు, వాళ్లని రేపే పనిలోంచి పంపించేస్తాను."

పిన్నమ్మ గొంతు గంటలా వినబడుతోంది. దాని వెనకే నా చెంబుమొగం మాట.

"ఒక పెళ్లిలో సాంబారుకి ఉప్పు చాల్లేదంటున్నారు," అన్నాను.

"దానికింత నవ్వా?"

"మావాళ్లు ఉప్పు లేకపోతే నవ్వుతారు."

సెన్సారు పని నేను చేయడం అదే మొదలు. చాలా సులువు. అందుకే కాబోలు అంతమంది చేస్తున్నారు. నమ్మాడో లేదో కానీ, "ఇకమీద రోజూ సాయంత్రం వచ్చి విని చెప్పు" అన్నాడు. లోకంలో ఉన్న ప్రతి ప్రభుత్వాన్నీ బస్సులో కూర్చుని తిట్టే నేను, "సరే సార్" అని బయటికొచ్చాను.

ఆ "సరే సార్" గది బయటికి వినబడిందట, మర్నాడు పొద్దున నన్ను చూడగానే బల్ల దగ్గర మాటలాగిపోయాయి. పిన్నమ్మ నాకు టీ గ్లాసు అందిస్తూ, "తీసుకోండమ్మా" అంది. తమిళంలో. మర్యాదగా. పదకొండేళ్లలో ఆమె నన్ను మీరు అనడం అదే మొదటిసారి. చెంపమీద కొట్టినా అంత మండేది కాదు.

గ్లాసు అక్కడే పెట్టి కెమెరా ముందు నిలబడ్డాను. దుబాసీ అవసరం లేకుండా తమిళంలోనే యజమానికి వినబడేలా అరిచాను: "మొదలాళీ! సాంబారు మాట అబద్ధం. సంచి కప్పమన్నది నేను. మీ మొహం చెంబులా ఉందన్నదీ నేనే. మా మాటలు మోసుకొచ్చే పని నాకొద్దు. కక్కూసుకేసి తిప్పి ఉంచినన్నాళ్లూ ఇది రోజూ సంచి కట్టుకునే ఉంటుంది!"

గదిలోంచి ఎవరూ రాలేదు. నా చేతిసంచీ సర్దుకుని, పొమ్మంటాడని మధ్యాహ్నందాకా ఎదురుచూశాను. భోజనాలయ్యాక కరెంటు మనిషి నిచ్చెనతో వచ్చి కెమెరాని బెల్లంపాకం పొయ్యికేసి తిప్పాడు. చెవి మాత్రం అలాగే ఉంది.

నిచ్చెన వెళ్లిందో లేదో పిన్నమ్మ నా మీద పడింది, ఆ చెవి కిందే, గోదాము అదిరేలా, తెలుగులో.

"ఏమే దొంగదానా! సంచి కప్పమనింది నేను కదా? నా మాటను నీ మాటంటావా? ఎవురే నీకు చెప్పింది?"