అడగనిదే తెరవదు

వీధిలో అందరూ ఆవిడని టైపింగ్ అక్క అంటారు. ముందుగదిలో కిటికీ పక్కన కంప్యూటరు, దాన్ని ఆనుకుని ప్రింటరు, వచ్చినవాళ్లు కూర్చోడానికి రెండు కుర్చీలు. పరిశోధన గ్రంథమైనా, అద్దె ఒప్పందమైనా ఆవిడ చేతిలో పడితే అక్షరం పొల్లుపోదు.

ఒకప్పుడు ఇంత జాగ్రత్త లేదు. ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవు వెనకాముందు చూడకుండా గుచ్చేసింది. వైరస్ దూరి మూడువందల పేజీల గ్రంథం గల్లంతయింది. నెల రోజులు కూర్చుని, వేళ్లు వాచేలా మళ్లీ కొట్టింది. అప్పటినుంచి ఆ యంత్రం దగ్గర ఆవిడ మాటే చట్టం. ఎవరి పెన్‌డ్రైవైనా ముందు స్కాన్ కావాల్సిందే. కంప్యూటరు అప్‌డేట్ అడిగితే రేపు అనే మాట లేదు. ప్రతి శనివారం పనంతా విడి డిస్కులోకి ఎక్కించి, తీగ పీకి, బీరువాలో పెడుతుంది. ఉచితంగా వచ్చే ఆటల జోలికి మొగుణ్ణి కూడా పోనివ్వదు. ఆయన ఓసారి ప్రయత్నించి వారం రోజులు చీవాట్లు తిన్నాడు. అన్నిటికంటే గట్టి నియమం ఇంకోటుంది. చెప్పకుండా వచ్చిన ఫైలు, పంపినవాళ్లకి ఫోన్ చేసి కనుక్కోనిదే తెరవదు. కన్నకూతురు పంపినా అంతే. చాదస్తం అనేవాళ్లు అంటూనే ఉంటారు, పనులు మాత్రం ఆవిడ దగ్గరికే తెస్తారు.

ఆ మంగళవారం తమ్ముడి పేరుతో మెయిల్ వచ్చింది. "ఫొటోలు చూడు" అని రెండే ముక్కలు, కింద ఓ ఫైలు.

తమ్ముడితో నాలుగేళ్లుగా మాటల్లేవు. వాడి కూతురి పెళ్లికి ఫోనైనా చేయకుండా శుభలేఖ మెయిల్లో పడేశాడు. మేనత్తని, నన్ను ఫైలు పంపి పిలుస్తాడా అని ఆవిడ వెళ్లలేదు. రాలేదని వాడికి కోపం. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే. ఈమధ్య వాడికి మనవరాలు పుట్టిందని ఎవరో అంటే విన్నది. మొహం చూడలేదు.

ఫొటోలు ఆ పిల్లవే అయి ఉంటాయి. చెయ్యి దానంతటదే మౌసు మీదికి పోయింది. వాడే ఓ మెట్టు దిగాడు, ఇంకా కనుక్కునేదేమిటి అనిపించింది. తెరుద్దామంటే నియమం అడ్డం, ఫోన్ చేద్దామంటే పంతం అడ్డం. పోనీలే అని పని ముందేసుకుంటే, ఎన్నడూ లేనిది అద్దె ఒప్పందంలో అద్దెకుండేవాడి పేరే తప్పు కొట్టింది. ఇక లాభం లేదని ఫోన్ తీసింది.

"ఒరేయ్, నేను. ఫొటోలేమైనా పంపావా?"

"లేదక్కా. నేనేమీ పంపలేదు."

వాడు మెట్టు దిగలేదన్నమాట. అయినా గొంతు తొణక్కుండా చెప్పాల్సింది చెప్పింది: వాడి మెయిల్లోకి ఎవరో దూరారు, వేరే కంప్యూటరు నుంచి పాస్‌వర్డ్ మార్చుకోవాలి, ఆ ఫైలు తెరవొద్దని తెలిసినవాళ్లందరికీ చెప్పాలి. వాడు ఊఁ కొడుతూ రాసుకున్నాడు. అంతా అయ్యాక ఆవిడ సరే ఉంటానంది.

"అక్కా," అన్నాడు వాడు. "పంపింది నేను కాదు. పంపాల్సింది నేనే."

ఆవిడకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"పిల్ల పేరేం పెట్టారురా?" అంది.