మూత మూశాక రికార్డయిన పదకొండు నిమిషాలు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూసి నవ్వుకునే మనిషిని నేను. గుడ్లవల్లేరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ చెబుతాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మా మేనత్తది పెడన. కలంకారీ గుడ్డలకు రంగు ఉడకబెట్టడంలో ఆమె చెయ్యి వేరు. ఆమె ఎరుపు వాళ్ళబ్బాయికి, అంటే మా బావకి కూడా పూర్తిగా పట్టుబడలేదు. ఆమె ఎప్పుడూ ఏదీ రాసిపెట్టలేదు. అందుకని ఒక ఆదివారం నా లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, ఆమె చెబుతుంటే రికార్డు చేశాను.

"మొదటి పొంగు రాగానే జాజి ఆకు వెయ్యాలే. ఆ తరవాత..." అని ఆగింది.

నోరు ఒక పక్కకి జారింది. కుడిచెయ్యి ఒళ్ళో పడిపోయింది. నేను అరిచి, లాప్‌టాప్ మూత మూసేశాను. బావ ఇంటికి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరం ఆమెను ఆటోలో బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆటో బందరు ఊళ్ళోకి వస్తుండగా అక్కడి మసీదు మైకులో మధ్యాహ్నం నమాజు పిలుపు వినపడింది.

అత్త బతికింది. మాట పోయింది.

సాయంత్రం బావ దగ్గర తాళంచెవి తీసుకుని, ఆమె బట్టల కోసం పెడన వెళ్ళి, లాప్‌టాప్ తెరిచాను. రికార్డింగ్ ఇంకా నడుస్తోంది. అందులో వింతేమీ లేదు. మూత మూస్తే నా సిస్టమ్ నిద్రలోకి వెళ్తుంది. వెళ్ళేముందు నడుస్తున్న ప్రోగ్రాములన్నింటినీ ఎక్కడివక్కడ బిగబట్టి ఆపుతుంది. మళ్ళీ తెరిచేదాకా అవి ఏ పనీ చేయలేవు. తెరవగానే ఆగినచోటు నుంచి కదులుతాయి. ఫైలు సేవ్ చేసి పక్కన పెట్టాను.

వారం తరవాత విన్నాను. అత్త మాట, నా అరుపు, మూత పడ్డ చప్పుడు. వెంటనే సాయంత్రం నేను మూత తెరిచాక వచ్చిన చప్పుళ్ళు ఉండాలి.

మళ్ళీ అత్త గొంతు వచ్చింది.

"మంట తగ్గించాలే. గుడ్డని తిప్పుతానే ఉండాలి, ఊరుకుంటే మచ్చలు పడతాయ్." కాసేపు ఆగి, ఎవరో ఏదో అడిగినట్టు, "ఆఁ, అంతే, రెండో పొంగుదాకా" అంది. అడిగినవాళ్ళ గొంతు లేదు. పదకొండు నిమిషాలు అలాగే సాగింది. మధ్యలో పెడన మసీదు నుంచి మధ్యాహ్నం నమాజు పిలుపు. ఆ వేళకి అత్త మాతో ఆటోలో ఉంది.

ఎప్పుడు ఆగిందీ ఎప్పుడు లేచిందీ సిస్టమ్ తనే రాసుకునే లాగ్ తీశాను. పన్నెండుంపావుకి ప్రోగ్రాములన్నీ ఆగినట్టు ఉంది. ఆ తరవాతి వరస సాయంత్రం ఆరు దాటాక, నేను తెరిచినప్పటిది. మధ్యలో ఒక్కసారి కూడా లేచినట్టు లేదు. పాత రికార్డింగ్ ఏదో కలిసిపోయి ఉంటుందన్నాడు నా సహోద్యోగి. అత్త గొంతు అంతకుముందు ఎవరూ రికార్డు చేయలేదు.

బావ ఆ మాటల ప్రకారమే ఒక గుడ్డ ఉడకబెట్టాడు. ఆరేసిన గుడ్డ ముందు చాలాసేపు నిలబడ్డాడు. "అమ్మ ఎరుపేనే ఇది" అన్నాడు. సంతోషంగా అనలేదు.

అత్త కొద్దిగా కోలుకున్నాక ఆమెకు వినిపించాం. "ఆ తరవాత" దాకా మామూలుగానే వింది. తన గొంతు ఆగకుండా ముందుకు వెళ్ళేసరికి నా మొహంలోకి చూసింది.

"నీ గొంతేనా అత్తా?" అన్నాను.

తలూపింది.

"ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?" అని బావ అడిగాడు.

ఎడమచెయ్యి మెల్లగా చాపి లాప్‌టాప్ మూత మూసింది. ఆ చెయ్యి దాని మీదే ఉంచి, మేము లేచి వెళ్ళేదాకా తీయలేదు.

మళ్ళీ ఆమెను అడగలేదు. ఫైలు నా దగ్గరే ఉంది. ఎన్నిసార్లు ఆలోచించినా దీనికి కారణం నాకు అందలేదు.