యాదగిరి అన్న నింపిన పేరు లేని ఫారం

నిన్న పొద్దున ఫోన్ ఎత్తగానే యాదగిరి అన్న కొడుకు ఏడుపు. "బాపు పోయిండు కాకా, హార్ట్ అటాక్."

నమ్మబుద్ధి కాలేదు. మొన్న ఆదివారమే నయాపూల్ దగ్గర కలిసి చాయ్ తాగాం.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. అన్న మా డెయిరీలో క్రేట్లు కడిగే సెక్షన్. నేను ఆఫీసులో క్లర్క్‌ని. రోజూ దబీర్‌పురా నుంచి, తనతో పాటే పనిచేసే ఆంథోనీ భాయ్ బండి వెనకాల కూర్చుని, దారంతా మాట్లాడుతూనే వచ్చేవాడు. ఆయన వచ్చాడంటే సెక్షనంతా లొల్లే.

ఆరేళ్ల కింద ఆఫీసులో సర్వే పెట్టారు. పనిచేసే చోట వాతావరణం ఎలా ఉంది, పైవాళ్లు గౌరవంగా చూస్తున్నారా, ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయాలి. పేరు రాయక్కర్లేదు.

"ఫికర్ చేయకుర్రి, ఎవరిదేందో ఎవ్వరికీ తెల్వది" అని అందరికీ చెప్పింది నేనే.

అందరూ కళ్లు మూసుకుని ఐదులు వేశారు. అన్న ఒక్కడే అన్నీ ఒకట్లు. రాయడం అంతగా రాదు కాబట్టి కింద ఆంథోనీతో ఒక ముక్క రాయించాడు: "గంబూట్లు అడిగితే సార్లు నవ్వుతుండ్రు. నీళ్లల్ల నిలబడి కాళ్లు పుండ్లయినయ్."

ఫారాలు తీసుకుందీ నేనే. హాజరు రిజిస్టర్ ముందు పెట్టుకుని, అలవాటు కొద్దీ ఒక్కొక్కరినీ పేరు పిలిచి తీసుకున్నాను. అదే వరుసలో పిన్ కొట్టి, రిజిస్టర్‌తో పాటు మేనేజర్ టేబుల్ మీద పెట్టేశాను.

ఎంత బుద్ధిలేని పని! వరుస చూస్తే ఏ ఫారం ఎవరిదో తెలిసిపోతుందని ఆ రోజు నాకు తట్టనే లేదు.

వారం తిరగకముందే అన్నను ఊరవతల పాలు చల్లబరిచే చిల్లింగ్ సెంటర్‌కు మార్చారు. రెండు బస్సులు మారి పోవాలి.

ఫారంలో ఏముందో ఆంథోనీకి తప్ప ఎవరికీ తెలియదని అన్న లెక్క. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఉండేది ఒకే గల్లీలో.

మొన్న చాయ్ దగ్గర కూడా అదే బాధ. "సొంత తమ్ముడనుకున్న. గిట్ల చేస్తడా తమ్మీ?"

"ఇడిశిపెట్టన్నా" అన్నాను. అసలు సంగతి నోటిదాకా వచ్చింది. చెబితే నాతో కూడా మాట మానేస్తాడని భయపడ్డాను.

నిన్న ఆంథోనీ వచ్చాడు. అన్న ఇంటి గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రాలేదు. రమ్మనే ముఖం నాకు లేదు.

ఆంథోనీ భాయ్, నువ్వు ఎవరికీ ఏమీ చెప్పలేదు. అన్నను పట్టించింది నేను. సాయంత్రం వెళ్లి వదినకు ఈ మాటే చెబుతాను. నువ్వూ రా.

అన్నా, ఆరేళ్లు నీ దోస్తును నీకు దూరం చేశాను. మాఫ్ చెయ్.

ఆంథోనీ నీవాడే అన్నా. ఇక ఏ కోపం లేకుండా, నిమ్మళంగా పడుకో.