మూటక్క కట్టిన మూట

పిల్లల సామాన్ల దుకాణంలో మూటక్క ఆడిన జగడాన్ని సూదత్త మొదటి మాట నుంచి చివరి మాట దాకా చూసింది. చూడాలని వెళ్ళలేదు. ఎండకి ఓర్వలేక ఆ గుమ్మంలో నీడకి నిలబడింది. లోపల గొంతులు లేచాక ఎండ సంగతే మరిచిపోయింది.

లోపల ఒక నిండు చూలాలు, ఆమె అత్తగారు, దుకాణదారు, మూటక్క. ఆ చూలాలు బిస్కెట్ల ఫ్యాక్టరీలో మూటక్క పక్కన నిలబడి ప్యాకింగు చేసే అమ్మాయి. దుకాణదారు బల్ల మీద ఒక్కొక్కటే పేరుస్తున్నాడు. తల గుండ్రంగా రావడానికట, ఓ దిండు. చక్రాల నడక బండి. సీసాల పెట్టె. బొటనవేలంత బూట్లు. అత్తగారు ప్రతిదానికీ తల ఊపుతోంది. మొదటి మనవడు మరి, ఊపకపోతే పరువేం కాను!

మూటక్క దిండు చేతిలోకి తీసుకుంది.

"ఇదెవరికి? బిడ్డకా, చూసేవాళ్ళకా?"

"అదేం ప్రశ్నమ్మా, బిడ్డకే," అన్నాడు దుకాణదారు.

"మెడ నిలవని పిల్లకి దిండేమిటయ్యా? మొహం దాంట్లోకి తిరిగితే ఊపిరి నువ్వొచ్చి పోస్తావా? పక్కన పెట్టు. ఈ బండో?"

"నడక నేర్చుకోడానికి."

"నడక కాళ్ళు నేర్పుతాయి. చక్రాలు నేర్పేది మెట్ల మీద నుంచి దొర్లడం. అదీ పక్కన పెట్టు."

అత్తగారికి ఒళ్ళు మండింది. "మధ్యలో నువ్వెవరమ్మా? మా ముచ్చట మాది. నీకూ ఓ పిల్లో జెల్లో ఉంటే తెలిసేది."

ఒకరిని అనడమే గాని అనిపించుకోవడం ఎరగని సూదత్తకే ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. మూటక్క మొహం మాత్రం మారలేదు. ఆమె చూపు బల్ల అవతలికి పోయింది. అక్కడ దుకాణదారు పెళ్ళాం అట్టపెట్టెలు మడుస్తోంది. ఆమె పక్కన చాప మీద పసిపిల్ల వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. ఒంటి మీద ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చొక్కా, అంతే.

"ఆ పాప ఎవరిదమ్మా?"

"మాదేనండీ."

"మరి దిండేది? బూట్లేవి? ఇంత దుకాణంలో మీకు మాత్రం దొరకలేదా తల్లీ?"

ముందు నవ్వింది ఆ పెళ్ళామే. దుకాణదారు మెడ గోక్కున్నాడు. అత్తగారు సంచీ మూతి బిగించింది. చివరికి కొన్నవి మూత ఉన్న బకెట్టు, నాలుగు మెత్తటి తువ్వాళ్ళు. అంతే.

బయటికొచ్చాక సూదత్త ఊరుకోలేదు. "గెలిచావు సరే. ఆవిడ అన్నదానికి జవాబివ్వలేదేం?"

"దానికి జవాబు లేదత్తా," అంది మూటక్క.

సూదత్తకి ఆ పేరు ఊరికే రాలేదు. ఆవిడ మాట సూదిలా దిగుతుంది, వెనక దారం మాత్రం ఉండదు అనేవారు. కీళ్ళు మొరాయించేదాకా ఆవిడా ఆ ప్యాకింగు హాల్లోనే నిలబడింది. ఇప్పుడు మూటక్క వాటాకి ఎదురు వాటాలో, నడవకి ఇవతల, కుర్చీ వేసుక్కూర్చుని వచ్చేపోయేవాళ్ళ మంచీ చెడ్డా తేలుస్తుంది. "నా పిల్లల్ని పెంచాను, చాలు. ఇంకొకళ్ళ పిల్లని ఎత్తుకునే ఓపిక ఈ చేతులకి లేదు" అని అడగనివాళ్ళకి కూడా చెబుతుంది.

ఆ హాలు తెలిస్తే గాని మూటక్క తెలియదు. బెల్టు మీద బిస్కెట్లు వరసగా వస్తుంటాయి. నెత్తిన తెల్ల టోపీ పెట్టుకుని, విరిగినవి ఎడమచేత్తో తొట్టిలోకి తోసి, మంచివి కుడిచేత్తో పేర్చాలి. ముక్కు దురద పెట్టినా, మనసు బాగులేకపోయినా బెల్టు ఎవరి కోసమూ ఆగదు. మూటక్క పెళ్ళయిన కొత్తలో ఆ పనిలో చేరింది. మరుసటేడు కడుపు పండితే తన బిడ్డ కోసం ఒక మూట కట్టుకుంది. పాత నూలు బట్టలు ఉడకబెట్టి, ఎండబెట్టి, చింపి కుట్టిన లంగోటాలు. మెడ దగ్గర తాళ్ళు లేకుండా ముందువైపు తెరుచుకునే చొక్కాలు. గట్టిగా అల్లిన చిన్న చాప. అంచు మొద్దుగా ఉన్న స్టీలు గిన్నె, చెంచా.

ఆ బిడ్డ దక్కలేదు. తర్వాతి బిడ్డా దక్కలేదు. రెండోసారి ఆసుపత్రి నుంచి వచ్చాక, పనిలోకి వెళ్ళిన మొదటి రోజే ఆ మూట చంకన పెట్టుకుని హాల్లోకి నడిచి, అప్పుడు నెలలు నిండుతున్న ఒక పిల్ల ఒళ్ళో పెట్టింది. "పెట్టెలో పడుండి ఏం చేస్తుంది? నీ బిడ్డ ఎదిగాక వేడినీళ్ళలో ఉతికి తెచ్చియ్యి. చిరిగింది తీసెయ్, దాని బదులు ఇంకోటి పెట్టు" అంది. అప్పటి నుంచి ఆ మూట ఇల్లిల్లూ తిరిగింది. ఇప్పుడందులో మొదటినాటిది ఒక్కటీ లేదు, గిన్నె తప్ప. ఆమె అసలు పేరు జీతమిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

మూటతో పాటు మాటా వచ్చేది. భోజనాల వేళ క్యాంటీన్లో బల్లకి అటు చూలాలిని కూర్చోబెట్టి, ఇటు తను కూర్చుని చెప్పేది.

"సెలవు మీద వెళ్ళేముందే సూపర్‌వైజరుని కలిసి, పాలు పిండుకోడానికి టైమూ చోటూ అడుగు. పక్కన ఇద్దరిని ఉంచుకుని అడుగు. వెళ్ళేముందు అడిగితే ఒప్పందం. తిరిగొచ్చాక అడిగితే బిచ్చం." హాల్లో అట్టపెట్టెల గుట్టల వెనక తెర కట్టి, స్టూలు వేసిన మూల ఉందంటే అది ఆమె అలా అడిగి, అరిచి, సాధించిన మూలే.

"సోమవారం చేరకే పిచ్చిదానా. వారం చివర్లో చేరు. రెండ్రోజులు ఏడిచేసరికి సెలవు రోజు వస్తుంది. పై చొక్కా ఇంకోటి పట్టుకెళ్ళు, పాలు పొంగుతాయి. సీసా జోలికి పోతే కడగలేక చస్తావు, గిన్నే చెంచా చాలు. కానీ ఆ గిన్నె నువ్వు పట్టకు. నీ ఒళ్ళో ఉండి అది గిన్నె ఎందుకు తాగుతుంది? చూసే మనిషి పట్టాలి. పనిలో చేరే రోజున పిల్లని కొత్త చేతుల్లో పెట్టడం కాదు, నెల ముందు నుంచీ పెట్టాలి. మొదట పక్కగదిలోకి పో. తర్వాత వీధి చివరి దాకా పో. తర్వాత ఒక పూట. నువ్వు విడిచిన చొక్కా ఆ మనిషి భుజాన వెయ్యి. పసిదానికి ముందు తెలిసేది వాసన. మొహం తర్వాత."

ఎదురు చెప్పినవాళ్ళు ఉన్నారు. చెప్పి గెలిచినవాళ్ళు లేరు.

అలాంటిది, నలభై దాటి, జుట్టు నెరిసే వేళ మూటక్క నెల తప్పింది. ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళకి పొట్టే చెప్పింది. ఆమె మొగుడు లారీ డ్రైవరు, ఇంట్లో కంటే రోడ్డు మీద ఎక్కువ కాపురం చేసిన మనిషి. లోడు దొరికిన నెల ఉంటుంది, దొరకని నెల ఉంటుంది. ఇల్లు నిలబడేది మూటక్క జీతం మీదే. హాలువాళ్ళు మూట తెచ్చి ఇచ్చారు. దాన్ని బీరువా మీదికి ఎక్కించి ముడి విప్పలేదామె.

"ఉతికి పెట్టుకోవేమే?" అంది సూదత్త.

"రానీ అత్తా. వచ్చాక విప్పుతాను."

వచ్చింది. ఆడపిల్ల. చిన్నదే గాని గొంతు పెద్దది. సూదత్త ఆసుపత్రి నుంచి తోడు వస్తుంటే మూటక్క ఆ పిల్లల సామాన్ల దుకాణం ముందు ఆటో ఆపించింది. బొటనవేలంత బూట్లు చూపించింది. దుకాణదారు ఆమెని పోల్చుకున్నాడు. బూట్లు తీస్తూ మెల్లిగా అడిగాడు, "ఎవరికమ్మా? బిడ్డకా?"

"కాదు," అంది మూటక్క. "చూసేవాళ్ళకి."

అతను నవ్వలేదు. మంచి కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆ బూట్లు పాప కాళ్ళకి ఎన్నడూ ఎక్కలేదు. అద్దం ముందు కూర్చున్నాయి.

సెలవు మంచుగడ్డలా కరిగింది. నెల ముందే అని హాల్లో అందరికీ నూరిపోసిన మూటక్క నెల ముందు ఏమీ చెయ్యలేదు. ఇవాళ పాపకి జలుబు. ఇవాళ ముసురు. ఇవాళ దాని మనసు బాగులేదు.

"దాని మనసా, నీదా?" అని ఎదురు గుమ్మం నుంచి సూదత్త అడిగేది. "దీపం కిందే చీకటంటే ఇదే కాబోలు."

"రేపటి నుంచి అత్తా."

మూటలోని చొక్కాలు పాపకి పట్టడం మానేశాయి. హాల్లో ఇంకో చూలాలు మూట కోసం ఎదురుచూస్తోంది. మూటక్క వాటిని ఉతికింది, ఆరేసింది, మడిచింది, మళ్ళీ బీరువాలోనే పెట్టుకుంది.

ఒక సాయంత్రం షిఫ్టు దిగి ఆ దుకాణం నాటి అమ్మాయి వచ్చింది. ఇప్పుడామె బిడ్డ తల్లి, పనిలో చేరి చాలాకాలమైంది. గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "అక్కా, కొత్త సూపర్‌వైజరు చెప్పమన్నాడు. బుధవారంతో సెలవు అయిపోతుందట. గురువారం రాకపోతే నీ చోటు ఇంకొకళ్ళకట. ఆ తెర కూడా పీకేసి అక్కడ పెట్టెలు పేరుస్తానంటున్నాడు. నువ్వు లేకపోతే అడిగేదెవరక్కా?" అని, "మా అత్త పాపని చూస్తానంది. మావాడితో పాటే," అంది.

మర్నాడు మూటక్క పాపని అక్కడికి తీసుకెళ్ళింది. సూదత్త తోడు వెళ్ళింది, నడుం నొప్పి అని దారంతా మూలుగుతూనే. ఆ అత్తగారు చాప పరిచి సిద్ధంగా ఉంది. "ఆ రోజు దుకాణంలో నోరు జారాను తల్లీ. ఇప్పటికీ నాలుక కొరుక్కుంటున్నాను," అంది. పాపని చక్కగానే ఎత్తుకుంది. చెంచా పెదవికి ఆనించింది. పాప తాగబోయింది కూడా. కిటికీ అవతలికి వెళ్ళిన మూటక్క అక్కడే నిలబడి గొంతు సవరించుకుంది. పాప తల అటు తిరిగింది. ఇక చెంచా లేదు, గిన్నె లేదు, ఒకటే ఏడుపు.

"నువ్వెళ్ళమ్మా వీధి చివరికి. నువ్వుంటే ఇది తాగదు," అంది అత్తగారు. మూటక్క చెప్పే మాటే అది.

మూటక్క లోపలికి దూసుకొచ్చింది. "నీ చేతులు చల్లగా ఉన్నాయి. పట్టుకునే తీరే అది కాదు. చెంచా వంచడం రాదు గాని పిల్లల్ని చూస్తానంటావా?" మాట మీద మాట. ఆ పెద్దావిడ కళ్ళలో నీళ్ళు తిరిగి, చేతులు దించేసింది. పాపని లాక్కుని మూటక్క ఇంటికొచ్చేసింది.

ఆ జగడమూ గెలిచింది. గెలిచి, దొరికిన మనిషిని పోగొట్టుకుంది.

బుధవారం పొద్దున సూదత్త నడవ దాటి వెళ్ళింది. మూటక్క మంచం అంచున పాపని అదుముకుని కూర్చుంది. యూనిఫాం ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించి ఉంది.

"రేపు వెళ్తున్నావా, లేదా?"

"వెళ్ళకపోతే ఏం తింటాం?"

"వెళ్తే ఇదేం తింటుంది? ఎవరి చేతా తాగనివ్వవు. ఊరందరికీ నేర్పిన పంతులమ్మవి, నీ పాఠం నీకు రాదా?" సూదత్త ఇంకా అనేదే. మాటలు వరస కట్టి ఉన్నాయి.

"రెండుసార్లు అత్తా," అంది మూటక్క. "రెండుసార్లూ తుడిచి తెస్తామని చేతుల్లోంచి తీసుకెళ్ళారు. తేలేదు. ఎవరో వచ్చి దుప్పటి కప్పుకోమన్నారు, అంతే. ఇప్పుడెవరు చెయ్యి చాపినా నాకు అదే చెయ్యి కనపడుతుంది. వాళ్ళ తప్పు కాదు, నాకు తెలుసు. తెలిస్తే మాత్రం?"

సూదత్త మోకాలు పట్టుకుని మంచం మీద కూర్చుంది.

"నువ్వు విడిచిన చొక్కా ఏదే?"

మూటక్క తలెత్తి చూసింది.

"నన్నలా చూడకు. చేతులకి ఓపిక లేదన్నాను గాని చేతులే లేవన్నానా? నేనెక్కడికీ తీసుకుపోను. ఈ కీళ్ళతో ఎక్కడికి పోతాను? నీ ఎదురు గుమ్మమే నా ఊరు. ఇటియ్యి."

మూటక్క లేచి కొక్కానికి ఉన్న చొక్కా తెచ్చి సూదత్త భుజం మీద పరిచింది. మూటలోని గిన్నెలో పాలు పిండి, చెంచాతో సహా ఎదురు వాటాలో పెట్టొచ్చి, పాపని అందించింది. అందించాక కూడా ఆమె చేతులు కాస్సేపు అలాగే చాపి ఉన్నాయి. సూదత్త పాపతో నడవ దాటి తన వాటాలోకి వెళ్ళింది. "వీధి చివరి దాకా పో," అంది వెనక్కి తిరగకుండానే. "దగ్గావంటే చెప్తాను నీ పని."

పాప ఏడిచింది. కాళ్ళు తన్నింది, సూదత్త మెడ మీద చొంగ కార్చింది. తర్వాత ఆ చొక్కాలో ముక్కు దూర్చి ఊపిరి తీసుకుంది, మళ్ళీ తీసుకుంది. మొదటి చెంచా సగం గడ్డం మీదికి కారింది. రెండోది లోపలికి పోయింది. ఆ మింగిన చప్పుడు విని సూదత్త మూడో చెంచా నింపింది.

మూటక్క తిరిగొచ్చేసరికి పాప చాప మీద నిద్రపోతోంది. ఆమె వగరుస్తోంది, పరిగెత్తుకునే వచ్చింది. గుమ్మంలోంచే గిన్నె ఖాళీగా ఉండటం చూసింది. వెనక్కి తిరిగి తన వాటాలోకి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడైంది. వచ్చేటప్పుడు చంకలో మూట ఉంది, ముడి బిగించి, హాలుకి పట్టుకెళ్ళడానికి. గిన్నె మాత్రం మూటలో పెట్టలేదు, సూదత్త దగ్గరే ఉంచింది. దాని బదులు మూటలోకి కొత్త గిన్నె వేసింది.

"అత్తా, ఒక్క పని చేసి పెట్టాలి."

"పిల్లని చూస్తానన్నాను కదే. ఇంకేం పని?"

"పిల్ల సంగతి కాదు, నా సంగతి. రేపు నేను బెల్టు దగ్గర నిలబడలేను. మధ్యలో పారిపోయి వస్తాను, నాకు తెలుసు. వచ్చి నీ తలుపు కొడతాను. ఏడుస్తాను, బతిమాలతాను, నిన్ను నానా మాటలూ అంటాను. నువ్వు తలుపు తియ్యకు. అది తాగిందో, పడుకుందో, ఏడుస్తోందో, లోపలి నుంచే ఉన్నదున్నట్టు చెప్పు. తలుపు మాత్రం తియ్యకు. నన్ను తిట్టు అత్తా. ఇంతకాలం అందరినీ ఊరికే తిట్టావు కదా, రేపొక్కరోజు నా కోసం తిట్టి, నన్ను పనికి తోలు."